బడి బోర్డు మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాసే టీచరమ్మకు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దేవరకొండ దగ్గర హైస్కూల్లో కొత్తగా సోషల్ టీచర్‌గా చేరారు, పొద్దున ప్రార్థన కాగానే ‘చరిత్రలో ఈ రోజు’ చెప్పే పని హెడ్మాస్టర్ మీకు అప్పజెప్పారు, ఫోన్లో దొరికే జాబితాలు తిరగేస్తే నెపోలియన్, చంద్రుడి మీద కాలుపెట్టడం, ఎవరో హాలీవుడ్ నటుడి పుట్టినరోజు తప్ప మన జిల్లాలది ఒక్కటీ కనబడలేదు, పైగా సెప్టెంబర్ 17న మీరు చెప్పిన రెండు మాటలకు స్టాఫ్ రూమ్‌లో పెద్ద వాదనే అయింది. మన వైపు తేదీలు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవి నిజమో కాదో ఎట్లా తెలుస్తుంది, 365 రోజులూ ఎట్లా నింపాలి, ఇవీ మీరు అడిగినవి.

నేను 33 ఏళ్లు సోషల్ చెప్పాను, మొదటి ఆరేళ్లు పాలమూరు వైపు, మిగతాదంతా నల్లగొండలో. అందులో చాలా ఏళ్లు బడి బోర్డు నా చేతిరాతతోనే ఉండేది. ముందు మూడో ప్రశ్నకు జవాబు చెప్తాను, అది తేలిగ్గా తేలిపోతుంది కాబట్టి: 365 నింపాలన్న ఆలోచన ఈ రోజే వదిలేయండి. నింపాలనుకున్న రోజునుంచే అబద్ధాలు మొదలవుతాయి. ఖాళీగా ఉన్న రోజు పిల్లలకు ఒక సామెత చెప్పండి, ఒక పొడుపుకథ విప్పమనండి, నష్టం లేదు. నా నోటుబుక్కులో ఇన్నేళ్లకు తొంభై చిల్లర తేదీలు నిలబడ్డాయి, మిగతావి రాసి కొట్టేసినవే.

కొట్టేయడం ఎందుకు మొదలైందో చెప్తాను, మీకు పనికొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెప్టెంబర్ 2న బోర్డు మీద ఇట్లా రాశాను: “1956లో ఇదే రోజు మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం, అందుకు బాధ్యత వహించి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా.” అందరూ అట్లనే చెప్పుకుంటారు, నేనూ విన్నదే రాశాను. ఆ రోజు మనవణ్ణి బడిలో దింపడానికి వచ్చిన ఒక పెద్దాయన, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, బోర్డు ముందు చాలాసేపు నిలబడి నన్ను పక్కకు పిలిచాడు. “సార్, మన కాడ వంతెన కూలింది నిజమే, వంద మందికి పైగ పోయిండ్రు. శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ తీసుకోలే. తర్వాత అరవనాడుల ఇంకో ప్రమాదమైతే అప్పుడు తీసుకున్నడు” అన్నాడు. వెతికి చూస్తే ఆయన చెప్పిందే అక్షరాలా నిజం. జడ్చర్లకు మహబూబ్‌నగర్‌కు మధ్య ప్రమాదం సెప్టెంబర్ 2న, రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ వద్దన్నారు. నవంబర్ 23న మద్రాసు రాష్ట్రంలో అరియలూరు దగ్గర మళ్లీ వంతెన దగ్గరే రైలు పడిపోయింది, అక్కడ 140 మందికి పైగా చనిపోయారు, ఆ తర్వాతే రాజీనామా ఆమోదం పొందింది. మర్నాడు బోర్డు మీద తప్పు దిద్ది, ఎవరు దిద్దించారో పిల్లలకు చెప్పి, ఆ పెద్దాయననే పిలిచి మాట్లాడించాను. పిల్లలు పాఠం కంటే శ్రద్ధగా విన్నారు.

అప్పటినుంచి ఏ తేదీ దొరికినా నేను అడిగేది ఒక్కటే: ఆ రోజు, సరిగ్గా ఆ రోజు, జరిగింది ఏమిటి? ప్రమాదమా రాజీనామానా, ప్రకటనా సంతకమా, చావా చావు తర్వాత వేసిన శాసనమా. జాబితాల్లో ఉండే తప్పుల్లో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే బయటపడతాయి.

జులై 4 తీసుకోండి. ఫోన్లో ఏ జాబితా చూసినా ఆ రోజు మొదటి వరుసలో అమెరికా స్వాతంత్ర్యం ఉంటుంది. స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న, అన్నీ 1776లోనే. అంత పెద్ద దేశం కూడా మూడింట్లో ఒకదాన్ని ఎంచుకుని పండుగ చేసుకుంటోంది. సరే, అదే జులై 4న 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టారని మన వాళ్లు రాస్తారు, అదీ మంచిదే. కానీ అదే జులై 4న, 1946లో, కడవెండిలో దొరకు ఎదురు నిలిచి ఊరేగింపుగా పోతున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. గొర్లకాపరి కుటుంబం నుంచి వచ్చిన మనిషి. వెట్టికి, లెవీ ధాన్యానికి, భూములు గుంజుకోవడానికి ఎదురుతిరిగిన సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఆ చావు తర్వాత ఊరూరా కర్రలు పట్టుకుని లేచింది. ఈ మూడింట్లో మీ పిల్లలకు ఏది చెప్పాలని నన్నడిగితే కొమరయ్య పేరు ముందు చెప్పమంటాను, తర్వాత టైం ఉంటే అమెరికా. అక్కడ కూడా ఒక చిక్కుంది. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లా, కానీ ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అందుకే పాత పుస్తకాల్లో ‘నల్లగొండ జిల్లా కడవెండి’ అని ఉంటుంది. పిల్లలు మ్యాప్‌లో వెతికి దొరకలేదంటే ఈ సంగతి చెప్పాలి. చాకలి ఐలమ్మ పాలకుర్తిదీ అదే కథ.

ఇక సెప్టెంబర్ 17. మీ స్టాఫ్ రూమ్‌లో జరిగింది నాకు కొత్త కాదు, మా దగ్గర ప్రతి ఏడాదీ జరిగేది. ఎవరికి వారు ఒక పేరు పట్టుకుని కూర్చుంటారు, విమోచనం అని ఒకరు, విలీనం అని ఒకరు, విద్రోహం అని ఒకరు. ప్రభుత్వాలు కూడా అంతే, 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం అంటే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని మార్చింది. మీరు బోర్డు మీద పేరు రాయకండి, జరిగింది రాయండి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నాలుగు దిక్కులనుంచి హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, పెద్ద దండు సోలాపూర్ వైపునుంచి, ఇంకొకటి బెజవాడ వైపునుంచి. ఈ రెండోదే మన దారిన వచ్చింది, కోదాడ, సూర్యాపేట మీదుగా, ఇప్పుడు మనం విజయవాడ హైవే అని తిరిగే దారినే. 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లాంఛనంగా లొంగిపోయాడు. అంటే పండుగ చేసుకునే రోజు రేడియో ప్రకటన రోజు, సైన్యం లొంగిన రోజు ఆ మర్నాడు.

ఇంతవరకు ఎవరితోనూ గొడవ రాదు. గొడవ వచ్చేది తర్వాతి సంగతుల దగ్గర, అవి దాచిపెట్టి చెప్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. నిజాం గద్దె పోయిందని చాలామంది అనుకుంటారు గానీ 1950 జనవరి 26 నుంచి ఆయనే రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నాడు, 1956 అక్టోబర్ 31 దాకా. నల్లగొండ పల్లెల్లో పోరాటం కూడా ఆగలేదు. సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చింది 1947 సెప్టెంబర్ 11న, కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి. విరమించింది 1951 అక్టోబర్ 21న. అంటే సెప్టెంబర్ 17 తర్వాత కూడా మూడేళ్ల పైచిలుకు సైన్యానికి, కమ్యూనిస్టు దళాలకు మధ్య నలిగిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఇంకొకటి, రజాకార్లు పోయాక కొన్ని జిల్లాల్లో ఏ పాపం తెలియని ముస్లిం కుటుంబాల మీద పగ తీర్చుకోవడం జరిగింది, దాన్ని చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపారు. మీ తరగతిలో ముస్లిం పిల్లలు ఉంటారు, ఆ రోజు వాళ్లు తల దించుకుని నిలబడే పరిస్థితి మీ మాట వల్ల రాకూడదు. షోయబుల్లా ఖాన్ పేరు తప్పకుండా చెప్పండి. హైదరాబాద్ భారత్‌లో కలవాలని ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రికలో రాసినందుకు రజాకార్ల చేతిలో చనిపోయిన సంపాదకుడు ఆయన. ఆ పేరు విన్నాక ఇది ఏ మతానికి ఏ మతానికి మధ్య జరిగిన గొడవ కాదని పిల్లలకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

షోయబుల్లా ఖాన్ దగ్గరే ఇంకో చిక్కు చూడండి. కొన్నిచోట్ల ఆయన వర్ధంతి ఆగస్టు 21 అని ఉంటుంది, కొన్నిచోట్ల 22. దాడి జరిగింది 1948 ఆగస్టు 21 రాత్రి, ఆఫీసునుంచి ఇంటికి పోతుండగా. ప్రాణం పోయింది తెల్లవారకముందే, అంటే 22న. రెండూ తప్పు కాదు, ఏది దేనికి చెందిందో రాస్తే చాలు. అర్ధరాత్రి దాటిన సంఘటనలన్నిటికీ ఇట్లనే ఉంటుంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కరెంటు కేంద్రంలో 2020లో మంటలు రేగింది ఆగస్టు 20 రాత్రి, లోపల చిక్కుకున్న తొమ్మిది మంది చనిపోయారని లోకానికి తెలిసింది 21న. పత్రికలో చూసి తేదీ రాసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, పేపర్ మీద ఉండేది పేపర్ తేదీ, సంఘటన అంతకు ముందు రోజుది.

ఇప్పుడు చెప్పబోయేది మీకు ఫోన్లో ఎక్కడా దొరకదు, మన వైపు చరిత్ర పట్టుకోవాలంటే మాత్రం ఇది తెలియక తప్పదు. నిజాం రాజ్యంలో కచేరీ కాగితాలన్నీ ఫసలీ లెక్కలో, అంటే పంటల శిస్తు కోసం పెట్టుకున్న ఏళ్ల లెక్కలో ఉండేవి. మీ పిల్లల ఇళ్లల్లో పాత పహాణీ నకళ్లు, రసీదులు, ఉర్దూ దస్తావేజులు ఉంటాయి, వాటి మీద 1340, 1357 అని ఏళ్లు ఉంటాయి. వాటిని చూసి మా తాత కాగితం ఆరువందల ఏళ్లనాటిది అని ఒక పిల్లవాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు ఒకసారి, వాడి ముఖంలో ఆ సంతోషం నాకు ఇంకా గుర్తుంది. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబర్ మొదటి వారంలో మొదలవుతుంది. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఆజూర్ అంటే సుమారుగా అక్టోబర్, అక్కడినుంచి వరసగా లెక్కపెట్టుకోవచ్చు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే ఫసలీ ఏడాదికి 590 కలపాలి, జనవరి దాటితే 591. కాగితం మీద 1357 అమర్దాద్ అని ఉంటే అది 1948 జూన్ ప్రాంతం, అంటే పోలీస్ యాక్షన్‌కు (పైన చెప్పిన సెప్టెంబర్ సైనిక చర్యకు ఆ పేరే వాడతారు) మూడు నెలల ముందు. ఆ ఒక్క కాగితంతో ఆ కుటుంబానికి ఆ ఏడాది ఏం జరిగిందో అడగొచ్చు. అయితే కృష్ణ అవతల మద్రాసు రాజ్యంలో కూడా ఫసలీ ఉండేది, అక్కడ ఏడాది జులై 1న మొదలవుతుంది. మునగాల వైపు ఊళ్ల కాగితాలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి, మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా అది మాత్రం కృష్ణా జిల్లా కింద, బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది.

లెక్క మారితే తేదీ మారుతుంది అన్నదానికి పిల్లలకు సులువుగా అర్థమయ్యే ఉదాహరణ నవంబర్ 7. మన నల్లగొండలో ఆ రోజు ఎర్రజెండా ఎగరేస్తారు, అక్టోబర్ విప్లవం అంటారు. అక్టోబర్ అని పేరు పెట్టి నవంబర్లో ఎందుకు సార్ అని ఏటా ఒకరు అడుగుతారు. రష్యాలో అప్పటికి పాత క్యాలెండర్ నడుస్తోంది, వాళ్లకు అది 1917 అక్టోబర్ 25.

శాసనాల దగ్గర ఇంకా నెమ్మదిగా పోవాలి. నకిరేకల్ దగ్గర చందుపట్ల ఉంది, మీకు మరీ దూరమేం కాదు. అక్కడి శాసనం శక సంవత్సరం 1211 నాటిది, 78 కలిపితే 1289, నెల మార్గశిరం. రాణి రుద్రమదేవి చివరి రోజుల గురించి మనకున్న గట్టి ఆధారం ఆ రాయి. ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి అనే అతను, రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని చెప్పి, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇచ్చినట్టు అందులో ఉంది. దీన్ని పట్టుకుని నవంబర్ చివరి వారం రాగానే ‘ఈ రోజు రుద్రమ వర్ధంతి’ అని ఫోన్లలో బొమ్మలు తిరుగుతాయి. శాసనం మీద ఉన్నది దానం చేసిన రోజు. ఆమె యుద్ధంలో పోయిన రోజు అంతకు ముందుది. బోర్డు మీద రాయాలంటే “1289 నవంబర్లో చందుపట్లలో వేసిన ఈ శాసనం రుద్రమదేవి మరణాన్ని తెలిపింది” అని రాయండి. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి ఆ రాయిని చూపించండి, కాయస్థ నాయకుడు అంబదేవుడితో తలపడి పోయిన రాణి గురించి ఒక మామూలు సేవకుడు చెక్కించిన మాట మన నల్లగొండ మట్టిలో నిలిచి ఉందని వాళ్లకు తెలియాలి. ఆ ఊరికి మొదటిసారి పోయినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

సాగర్ గురించి రెండు తేదీలు పెట్టుకోండి, రెండూ మీ ఊరికి దగ్గరివే. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలో పన్నెండేళ్ల దాకా వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చిన కాలం, యంత్రాలకంటే మనుషుల చేతులే ఎక్కువ పనిచేసిన డ్యామ్ అది. ఎడమ కాలువకు పెట్టిన పేరు లాల్ బహదూర్ కాలువ, ఆ రైలు ప్రమాదం నాటి శాస్త్రిగారే. సెప్టెంబర్ 2 చెప్పిన పిల్లలకు ఆగస్టు 4న ఇది గుర్తుచేస్తే రెండు తేదీలూ ముడిపడి మనసులో ఉండిపోతాయి. నీళ్లు వచ్చిన ఊళ్ల గురించి చెప్పేటప్పుడు నీళ్లలో మునిగిన ఊళ్ల గురించి కూడా చెప్పండి. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి కూడా అందులోనే మునిగింది, తవ్వి తీసిన శిల్పాలు కొండ మీది మ్యూజియంకు చేరాయి. మీ దేవరకొండ గుట్టల మీద పొలాలకు ఆ నీళ్లు ఎక్కలేదని ఇంట్లో విన్న పిల్లలు అడుగుతారు, ఆ ప్రశ్నను అడగనివ్వండి.

ఏప్రిల్ 18 పోచంపల్లిది. శివరాంపల్లిలో సర్వోదయ సమావేశం అయ్యాక వినోబా భావే కాలినడకన తెలంగాణ పల్లెల్లోకి బయల్దేరి 1951లో ఆ రోజు పోచంపల్లి చేరారు. హరిజనవాడలో 40 కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నాయి, సర్కారుకు రాద్దామా అని వినోబా ఆలోచిస్తుండగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానం అక్కడ పుట్టింది. ఇది చెప్పేటప్పుడు కొమరయ్యను మరిచిపోవద్దు, ఆ పోరాటం అదే జిల్లాలో ఇంకా నడుస్తుండగానే ఈ దానం జరిగింది, ఒకటి లేకుండా రెండోది పిల్లలకు అర్థం కాదు.

పుట్టినరోజుల గురించి ఎక్కువ చెప్పను. మే 28 సురవరం ప్రతాపరెడ్డి, 1896. మార్చి 13 బూర్గుల రామకృష్ణారావు, 1899. జూన్ 4 రావి నారాయణరెడ్డి, 1908. ఇవి మన వైపు పిల్లలకు రావాలి. పుట్టినరోజు కంటే చేసిన పని రోజు మేలు అని నా అభిప్రాయం. సురవరం గారిదే చూడండి, ‘గోలకొండ’ పత్రిక మొదటి సంచిక వచ్చింది 1926 మే 10న. అదే మే 10న 1857లో మీరట్ సిపాయిలు తిరగబడ్డారని అన్ని జాబితాల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన రాయండి, ఒకటి తుపాకీ, ఒకటి అచ్చుయంత్రం. తెలుగు చదివితేనే చిన్నచూపు చూసే రాజ్యంలో తెలుగు పత్రిక నడపడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక పీరియడ్ చాలదు. ఇంకోమాట, మన పాత అడ్మిషన్ రిజిస్టర్లు తెరిచి చూడండి, ఊళ్లో ఎక్కువమంది జూన్ 1నో జులై 1నో పుట్టినట్టు ఉంటుంది. తల్లిదండ్రులకు తేదీ తెలియకపోతే బడిలో చేర్చుకునే సారే ఒక తేదీ వేసేవాడు. రికార్డులో ఉన్నంత మాత్రాన నిజమైపోదని పిల్లలకు నేర్పడానికి వాళ్ల నాయినమ్మ ఆధార్ కార్డే చాలు.

ఊరి తేదీలు ఎట్లా పట్టుకోవాలంటే, మొదట శిలాఫలకాలు. బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు మీద, వాటర్ ట్యాంక్ కింద, వాగు వంతెన పక్కన, గుడి ధ్వజస్తంభం దగ్గర, ప్రతిచోటా ఒక ఫలకం ఉంటుంది, ఎవరూ చదవరు. పిల్లల్ని ఐదుగురేసి గుంపులు చేసి పంపితే ఒక్క ఆదివారంలో పదిహేను తేదీలు తెస్తారు. శంకుస్థాపన ఫలకం వేరు, ప్రారంభోత్సవం వేరు, రెండిటి మధ్య ఎన్నేళ్లు పట్టిందో లెక్క కట్టించండి, అందులోనే ఊరి చరిత్ర సగం ఉంటుంది. తర్వాత పెద్దవాళ్లు. వాళ్లను తేదీ అడిగితే చెప్పలేరు, “పెద్దగట్టు జాతర అయినంక రెండో ఆదివారం”, “పీర్ల పండుగ పదో రోజు”, “సద్దుల బతుకమ్మ ముందు రోజు” అంటారు. వాళ్లు చెప్పింది గుర్తుల లెక్క, అది చాలా గట్టి లెక్క. పాత పంచాంగం ఒకటి సంపాదించి ఏడాది తెలిస్తే తిథిని ఇంగ్లీషు తేదీకి మార్చుకోవచ్చు. పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అది వానాకాలంలో వచ్చిందా చలికాలంలో వచ్చిందా అని అడిగితే ఏ ఏడాదో కూడా దొరుకుతుంది. నేను ఇట్లా ఒక ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు పట్టుకున్నాను, ముగ్గురు ముసలివాళ్లను వేరువేరుగా అడిగితే ముగ్గురూ ఒకే జాతర పేరు చెప్పారు.

2016 అక్టోబర్ 11 కూడా రాసుకోండి. ఆ ఏడాది దసరా ఆ రోజు, కొత్త జిల్లాలు ఆ రోజే వచ్చాయి. నల్లగొండనుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి, పాలమూరునుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల. నారాయణపేట మాత్రం 2019 ఫిబ్రవరి 17న వచ్చింది, చాలామంది దాన్ని కూడా 2016లోనే కలిపేస్తారు.

చివరగా, విషాదం జరిగిన రోజుల గురించి. 2009 అక్టోబర్ 2న కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్ నీట మునిగింది. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఇవి చరిత్రే, దాచాల్సిన పని లేదు. కానీ చెప్పే ముందు రోజే మీ బడిలో ఆ ఇళ్లవాళ్ల పిల్లలు, బంధువులు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. నేను ఒకసారి కనుక్కోకుండా ఒక ప్రమాదం గురించి చదివాను, ఐదో వరుసలో ఒక ఆడపిల్ల ఏడుస్తూ కూర్చుండిపోయింది. వాళ్ల బాబాయి ఆ ప్రమాదంలో పోయాడు. అందుకే ఇట్లాంటివి మైకులో చెప్పకండి, తరగతిలో, ఎందుకు జరిగింది, ఏం చేస్తే ఆగేది అని నెమ్మదిగా మాట్లాడండి. బస్సులో అత్యవసర ద్వారం ఎక్కడుంటుందో ఆ రోజే చూపించండి.

మీరు మొదలుపెట్టడానికి నా సలహా ఇది: ఈ నెలకు నాలుగు తేదీలు మాత్రమే పెట్టుకోండి, రెండు మన జిల్లావి, ఒకటి దేశానిది, ఒకటి ప్రపంచానిది. ఒక్కోదాని కింద ‘ఆ రోజు జరిగింది’ అని ఒక వాక్యం, ‘మనకు ఎట్లా తెలుసు’ అని ఇంకో వాక్యం రాయండి. ఆ రెండో వాక్యం రాయలేకపోతే ఆ తేదీని పక్కన పెట్టేయండి. నా నోటుబుక్కు జిరాక్స్ తీయించి ఉంచుతాను, నల్లగొండ వచ్చినప్పుడు తీసుకెళ్లండి. ఈలోపు మీ బడి గోడ మీద ఫలకం ఉంటే చదివి, ఏ తేదీ ఉందో ఇక్కడే రాయండి, అది శంకుస్థాపనదో ప్రారంభోత్సవానిదో కూడా.